చెలికత్తె ఎప్పుడు తింటుంది?

“మేడం, నాదొక డౌటు. గా చెలికత్తెలు ఎప్పుడు తింటరు?”

సెమినార్ హాలు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత నవ్వింది. అది అలాంటిలాంటి నవ్వు కాదు. ఆ నవ్వుకి ఆర్ట్స్ కాలేజీ రాతిగోడల మీది పావురాలు లేచిపోయి, మౌలాలి గుట్ట మీద వాలి, మళ్ళీ దసరాకి గాని తిరిగి రాలేదని చెప్పుకుంటారు.

వేదిక మీద నిలబడ్డ స్నిగ్ధకి మాత్రం నవ్వు రాలేదు. పొద్దుటి నుంచీ ఆమె మాట్లాడిందంతా చెలికత్తెల గురించే. మధ్యయుగపు తెలుగు కావ్యాల్లో ఆడవాళ్ళ మీద పరిశోధన చేసేవాళ్ళంతా నాయిక చుట్టూనే తిరుగుతారు. ఆవిడకి విరహజ్వరం వస్తే గంధం నూరేదెవరు, తామరాకుల పక్క పరిచేదెవరు, నాయకుడి దగ్గరికి కబురు మోసుకుపోయేదెవరు? ఆ పక్కనున్న పిల్లని పట్టించుకున్నవాడు లేడు, నేను పట్టించుకుంటాను అని బయల్దేరింది స్నిగ్ధ. రసం మీద అడుగుతారేమోనని చదువుకుంది, అలంకారం మీద అడుగుతారేమోనని చదువుకుంది. తిండి మీద అడుగుతారని ఎవరనుకుంటారు?

“కావ్యాల్లో ఆ ప్రస్తావన లేదండీ,” అంది.

“లేకుంటె అడగొద్దా మేడం? రాత్రంత గంధం నూరుతరు. తెల్లారితె కబురు మోస్తరు. నడుమ ఇంత అన్నం తింటరా, తినరా?”

“మీరింకా భోజనం చెయ్యలేదనుకుంటాను. క్యాంటీను ఆ వెనకే ఉంది,” అంది స్నిగ్ధ.

హాలు రెండోసారి నవ్వింది. ఈసారి అడిగినవాడి చెవులు కందిపోయాయి. లెక్క సరిపోయింది గనక ఇద్దరూ అక్కడితో ఊరుకోవచ్చు. కాని లెక్క సరిపోయాక ఊరుకున్నవాళ్ళని ఈ భూప్రపంచంలో ఎవరైనా చూశారా?

ఆ అడిగినవాడి పేరు రత్నాకర్. జనగామ పక్కన పల్లె. పోచయ్య, ఉప్పలమ్మల కొడుకు. ఒగ్గుకథల్లో ఆడవాళ్ళ మీద పరిశోధన చేస్తున్నాడు. గొంతు సంగతి చెప్పాలంటే, అతను క్యాంపస్‌లో మైకు లేకుండా నినాదం ఇస్తే రామంతాపూర్‌లో టీవీ వాళ్ళు వార్తలు ఆపి, “ఎవరో పిలుస్తున్నారు, చూడండి,” అనేవాళ్ళట. నమ్మితే నమ్మండి.

ఇద్దరికీ గైడ్ విజయశ్రీ మేడమే. ఆవిడకి ఆడవాళ్ళ మీద పరిశోధన అంటే ప్రాణం, గదుల కొరత అంటే తలనొప్పి. అందుకని స్నిగ్ధనీ, రత్నాకర్‌నీ ఒకే గదిలో పడేశారు. కిటికీ పక్క బల్ల స్నిగ్ధది, తలుపు పక్క బల్ల రత్నాకర్‌ది. నడిమి బల్ల మీద, భువనగిరి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ ఎంఫిల్ చేస్తున్న రజిని కూర్చునేది.

ఈ మనిషితో జన్మలో మాట్లాడను అని కిటికీ ఒట్టు పెట్టుకుంది. తలుపూ అదే ఒట్టు పెట్టుకుంది. నడిమి బల్లకి ఆ సంగతి మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడు తెలిసింది.

“రజినీ, ఆయనకి చెప్పు. తలుపు అంత గట్టిగా వెయ్యక్కర్లేదని.”

రజిని ముద్ద డబ్బాలోనే వదిలి అటు తిరిగింది. “అన్నా, తలుపు...”

“ఇనబడ్డది. అది చెక్క తలుపు, అద్దం గాదని చెప్పు.”

రజిని ఇటు తిరిగింది. “అక్కా, తలుపు...”

“వినబడింది.”

“ఇద్దరికి ఇనబడ్డంక నడుమ నేనెందుకు?”

“నువ్వు లేకపోతే ఆయనతో నేను మాట్లాడాల్సి వస్తుంది కదా,” అంది స్నిగ్ధ. అంతకంటే సబబైన మాట లేదన్నట్టు.

ఆ ఏడాదంతా రజిని మెడ ఎంత తిరిగిందంటే, హాస్టల్ గదిలో ఫ్యాను ఆ పిల్లని చూసి సిగ్గుపడి స్పీడు తగ్గించుకుంది.

ఇద్దరూ గదిలో ఉన్నప్పుడు సరే, ఎదురుగానే మాటలు. ఒకరు లేనప్పుడే అసలు తమాషా. “ఆ మేడం బుక్కులన్ని నడిమి బల్ల దాటి నా టేబుల్ మీదికి వస్తున్నయ్. పక్కకు జరుపుకొమ్మని చెప్పు,” అని రత్నాకర్ విసుక్కుని వెళ్ళిపోతే, స్నిగ్ధ వచ్చాక రజిని అప్పడం కొరుకుతూ, “బుక్కులు బరువున్నయ్ గద, నీ చేతులు నొస్తయేమో, నా టేబుల్ వాడుకొమ్మన్నడు,” అనేది. “ఆ టేబుల్ ఫ్యానంతా ఆయనే అనుభవిస్తున్నాడు, ఇటు తిప్పమను,” అని స్నిగ్ధ ఎగిరితే, అటు చేరే కబురు వేరు. “ఫ్యాను గాలికి నీకు జలుబు చేస్తదేమోనని రంది పడ్తున్నది అన్నా.”

స్నిగ్ధకి ఈ మనిషి అంతు చిక్కలేదు. వెనక ఇంత పద్ధతిగా కబురు పంపేవాడు, ఎదురుపడితే వేపాకు నమిలినట్టు ముఖం ఎందుకు పెడతాడు? ఒక్కోసారి పుస్తకం మీంచి కళ్ళెత్తి చూసేది. సరిగ్గా అప్పుడే అతనూ చూసేవాడు. ఇద్దరూ దొంగల్లా కళ్ళు దించుకునేవారు. నడుమ రజిని డబ్బా మూత తీయాలా వద్దా అని ఆలోచించేది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. కబురు మోసే చెలికత్తె ఎప్పుడూ కబురుని ఉన్నదున్నట్టు మొయ్యదు, తన చెయ్యి తప్పకుండా పెడుతుంది అని స్నిగ్ధ తన మూడో చాప్టరంతా రాసింది. ఉదాహరణలతో సహా, ఫుట్‌నోట్లతో సహా రాసింది. ఆ చాప్టరుని టైపు చేసి పెట్టింది రజినే. అయినా ఆ చదువుల సరస్వతికి ఒక్కనాడూ అనుమానం రాలేదు. దీపం కింద చీకటి అన్నారు గాని, దీపానికి పిహెచ్.డి. కూడా ఉంటే ఇంకెంత చీకటో చూసుకోండి.

రెండువేల తొమ్మిది డిసెంబరులో తెలంగాణ ఉద్యమంతో క్యాంపస్ భగ్గుమంది. ఊళ్ళ నుంచి పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చారు. తార్నాక మీద టియర్ గ్యాస్ ఎంత కమ్ముకుందంటే, లాలాపేట్‌లో ఆడవాళ్ళు ఆ వారమంతా ఉల్లిగడ్డలు తరుగుతూ ఏడవలేకపోయారు. కళ్ళల్లో నీళ్ళన్నీ ముందే అయిపోయాయి.

ఒకనాడు డిపార్ట్‌మెంటులో చిక్కుకుపోయింది స్నిగ్ధ. కిటికీలు మూసినా పొగ లోపలికే వచ్చింది. రజిని అప్పుడు తన ఊళ్ళో ఉంది. దగ్గి దగ్గి బల్ల మీద తలవాల్చేసరికి తలుపు దభీమంది. ఎవరో వచ్చి, తడిపిన తువ్వాలు ఒకటి ఆమె ముందు పెట్టి, మాట్లాడకుండానే వెళ్ళిపోయారు. తలుపు అంత గట్టిగా వేసేది క్యాంపస్‌లో ఒక్కడే. గళ్ళ తువ్వాలు. స్నిగ్ధ దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, తర్వాత అతని బల్ల మీద పెట్టింది.

ఆ శీతాకాలంలోనే ఆమె ఐదో చాప్టరు మొదలుపెట్టింది. నాయిక నిద్రాహారాలు మానేసిందని కవులు పద్యాల మీద పద్యాలు రాశారు, ఆమెతో పాటు మేలుకున్న పిల్ల తిన్నదా అని ఎవరైనా రాశారా? లేని ఆ అన్నం కోసం కావ్యాలన్నీ మళ్ళీ తిరగేసింది. ఎక్కడా దొరకలేదు. దొరకలేదన్నదే చాప్టరైంది. మొత్తం థీసిస్‌లో ప్రాణమున్న చాప్టరు అదే అన్నారు విజయశ్రీ మేడం. ఆ ప్రశ్న ఎవరిదో మాత్రం స్నిగ్ధ కృతజ్ఞతల పేజీలో రాయలేదు. లైబ్రరీలో నిద్రపోయే పిల్లికి సైతం కృతజ్ఞత చెప్పింది, అతనికి చెప్పలేదు.

రెండువేల పదకొండు వచ్చింది. థీసిస్ ఇచ్చి నెలలు గడిచాయి. వైవా తేదీ పడినప్పుడల్లా బంద్ పడేది. ఒకసారి రాస్తారోకో, ఒకసారి రైలురోకో. మరోసారి అన్నీ సవ్యంగా ఉంటే పరీక్షకుడికి కామెర్లు.

“ఇంజినీరింగ్ చదవమ్మా అంటే విన్నావు కాదు,” అనేవారు తండ్రి కొండలరావు గారు పేపరు మడిచి. ఆయనది తణుకు వైపు. రైల్వేలో చేసి రిటైరై, తార్నాకలో ఇల్లు కట్టుకున్నారు. “చెలికత్తెలని పట్టుకున్నావు. వాళ్ళు కబుర్లు మోసి మోసి అందరి పెళ్ళిళ్ళూ చేశారు. నీ పెళ్ళి, నీ ఉద్యోగం మాత్రం అటకెక్కించారు.”

“దాన్నెందుకండీ అంటారు?” అనేది తల్లి అరుంధతి వంటింట్లోంచి. “బంద్ అదేమన్నా పిలిచిందా?”

“నేను మాత్రం పిలిచానా? పాతికేళ్ళై ఈ ఊరి నీళ్ళు తాగుతున్నాను. పాలవాడు కూడా నిన్న, సార్, తెలంగాణ వచ్చినంక ఏం జేస్తరు అన్నాడు. పాలు పొయ్యవోయ్, వచ్చాక కూడా కాఫీయే తాగుతాను అన్నాను.”

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు, బళ్ళు లేవు. సరిగ్గా అప్పుడే సమ్మెలో చేరని ఒక మహిళా కళాశాల నుంచి స్నిగ్ధకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వచ్చే సోమవారం. డాక్టరేటు చేతికొచ్చినట్టు కాగితం ఉంటేనే రమ్మన్నారు. ఉన్నది ఒక్క ఖాళీ. అది పోతే ఇంకో ఖాళీ ఎప్పుడు పడుతుందో ఆ చెలికత్తెలకే తెలియాలి. పరీక్షకుడు సోమయాజులు గారు రాజమండ్రి నుంచి శుక్రవారం వస్తానన్నారు. శనివారం నుంచి రైళ్ళు ఆపేస్తారట. అంటే ఆ శుక్రవారం ఒక్కటే దిక్కు.

ఇక ఉన్న అడ్డు క్యాంపస్ గేటు. ఆ గేటు దగ్గర విద్యార్థుల టెంటు, టెంటులో రత్నాకర్.

రజిని అప్పుడే, తార్నాక ఇంట్లో స్నిగ్ధ పక్కన కూర్చుని, డబ్బా మూత తీసింది.

“రజినీ, ఆయనకి చెప్పు,” అంది స్నిగ్ధ. “శుక్రవారం నా వైవా. ఒక్క పూట గేటు తీయించమను. బతిమాలుతున్నానని చెప్పకు. అడుగుతున్నానని చెప్పు. నాలుగేళ్ళ చదువు. ఆయనకీ తెలుసు.”

రజిని మూత మళ్ళీ పెట్టి నడిచి వెళ్ళింది. సాయంత్రానికి జవాబు వచ్చింది.

“ఫికర్ చెయ్యకు అక్కా. రమ్మన్నడు. తనే దగ్గరుండి లోపలికి తీస్కపోతడట.”

స్నిగ్ధ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఆ నవ్వు రజినికి కనబడకూడదనుకుంది గాని, కిటికీ అద్దానికి ఆ సంగతి తెలియదు పాపం.

శుక్రవారం పొద్దున కొండలరావు గారి మారుతి కాచిగూడ స్టేషన్ నుంచి బయల్దేరింది. ఆ కారు వయసు ఎంతంటే, రోడ్డు మీద బర్రెలు దాన్ని చూసి తమ తాతకి దారిచ్చినట్టు ఇచ్చేవి. వెనక సీట్లో సోమయాజులు గారు. మీసం తెల్లగా, చూపు కత్తిలా ఉంటాయి. ఆధారం చూపని ఒక్క వాక్యం కోసం ఎవరి థీసిస్సో గోదావరి దాటించి వెనక్కి పంపారని ఆయనకి పేరు. ముందు సీట్లో పట్టుచీర కట్టుకున్న స్నిగ్ధ. ఒళ్ళో థీసిస్సు. తల్లి పెసరట్టు పెడితే ముట్టుకోలేదు.

గేటు ముందు రోడ్డు మీద వంటావార్పు సాగుతోంది. రోడ్డునే ఆపి, రోడ్డు మీదే వండుకుని తిని నిరసన తెలపడం అది. రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు. ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు పప్పు కలుపుతున్నారు. బంతుల్లో జనం కూర్చుని ఉన్నారు. టెంటులో రత్నాకర్ మైకు పట్టుకున్నాడు.

“ఇయ్యాల మనం ఒక్కమనిషి గురించి చెప్పుకోవాలె. మా డిపార్ట్‌మెంటుల స్నిగ్ధ మేడం. ఆళ్ళ నాయినది ఆంధ్ర. ఇయ్యాల ఆ మేడం వైవా. దాని మీద ఆమె నౌకరి ఉన్నది. అయినా, మీ కొట్లాట కన్న నా వైవా పెద్దది గాదు, నేనే వాయిదా వేసుకుంట అని నాకు కబురు పంపింది. ఇసుంటి మనిషి కోసం మనం చప్పట్లు కొట్టాలె.”

రోడ్డంతా చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలోకి కొండలరావు గారి కారు దగ్గుకుంటూ వచ్చి ఆగింది.

“అమ్మాయ్, నీ పేరే చెప్తున్నట్టున్నారే,” అన్నారు కొండలరావు గారు.

“వైవా మానుకున్నావా తల్లీ?” అన్నారు వెనక నుంచి సోమయాజులు గారు. “మరి నన్నెందుకు రప్పించావు?”

స్నిగ్ధ కారు దిగింది. మైకు పట్టుకున్నవాడు ఆమెని చూశాడు, పట్టుచీరని చూశాడు, థీసిస్సుని చూశాడు. చప్పట్లకి ఎత్తిన అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ తర్వాత ఆ రెండు చూపులూ కలిసికట్టుగా రజినిని వెతికాయి.

రజిని బంతిలో కూర్చుని ఉంది. ముందు విస్తరి. పప్పన్నం కలిపిన మొదటి ముద్ద చేతిలో ఉంది.

“రజినీ,” అంది స్నిగ్ధ.

“రజినీ,” అన్నాడు రత్నాకర్.

రజిని ముద్ద దించింది. “జర మార్చిన,” అంది.

“జరనా? ఆయన రమ్మన్నాడన్నావు.”

“ఏం జెయ్యాలె మరి? గేటు తెరుమని అడిగితె అన్న తెరవడు. నువ్వు వాయిదా వేసుకున్నవని చెప్తె మనసు కరిగి తనే తెరుస్తడనుకున్న. గీయన కరిగిండు గాని గేటు తెరవలే, మైకు పట్టుకున్నడు. నాకేమెర్క?”

“నిన్ను నమ్మి పంపాను కదే.”

అంతే. ఎన్నాళ్ళ నుంచో మూత పెట్టి ఉంచిన డబ్బా తెరుచుకుంది.

“నమ్మినవా? కబురు మోసేటోళ్ళు కబురు మారుస్తరని మూడో చాప్టర్ల రాసిందెవరు? టైపు చేసింది నేను. ఇంకో మాట చెప్త ఇనక్కా. చెలికత్తె తిన్నదా అని ఒక్కరు అడగలేదని ఐదో చాప్టర్ల ఏడ్చినవ్. నా పక్కన కూసోని రాసినవ్. నేను డబ్బా మూత తీసినప్పుడల్లా రజినీ ఆయనకి చెప్పు, రజినీ ఆయనకి చెప్పు. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న అన్నం వేడిగ తిన్ననా నేను?”

పప్పు కలిపే గరిటెలు ఆగిపోయాయి. స్నిగ్ధకి చేతిలో ఉన్న థీసిస్సు ఒక్కసారిగా బండరాయంత బరువైంది.

“అంటె,” అన్నాడు రత్నాకర్ మెల్లిగా రజినితో, “ఫ్యాను గాలికి నాకు జలుబు చేస్తదని...”

“గా మాట నాదే.”

“బుక్కులు బరువని, టేబుల్ వాడుకోమని?” అంది స్నిగ్ధ.

“గా మాట గూడ నాదే.”

ఇద్దరి ముఖాల్లోనూ రక్తం లేదు. ఇన్నాళ్ళూ ఎదుటి మనిషి మంచితనమనుకున్నదంతా నడిమి బల్లదేనని తెలిస్తే ఎవరికి మాత్రం ఉంటుంది? ఏమన్నా మిగిలిందా అని స్నిగ్ధ లోపలంతా తడుముకుంది.

“మరి తువ్వాలు?” అంది చివరికి.

“ఏ తువ్వాల? నాకెర్క లేదు. టియర్ గ్యాస్ అప్పుడా? నేను ఊర్ల ఉన్న గద.”

రత్నాకర్ నేల చూశాడు. చెవులు మాత్రం సెమినార్ నాటి రంగుకి తిరిగాయి. స్నిగ్ధ చూసింది. ఆ కంగారులోనూ, ఆ కోపంలోనూ, అది చూసింది.

అప్పటికి విజయశ్రీ మేడం వైవా కాగితాలతో నడిచి వచ్చి, సంగతి విన్నారు. “ఏంది రత్నాకర్, ఏం చేద్దాం?”

“మేడం, ఒక్కరికి గేటు తెరుస్తె రేపు అందరికి తెర్వాలె. నా మాటకు ఇజ్జత్ ఉండదు. గేటు తెరవ.” అతను ఆగాడు. “గని రోడ్డు మీద పాఠాలు చెప్పుడు మన ప్రోగ్రాంలనే ఉన్నది గద. పాఠం చెప్పొచ్చు గని వైవా చెయ్యొద్దా?”

“రోడ్డు మీదా?” అంది స్నిగ్ధ. ఆమె నాలుగేళ్ళుగా కలగన్నది పెద్ద హాలు, గులాబీలు, వేదిక మీద నీళ్ళగ్లాసు. ఎదురుగా ఉన్నది ఉల్లిగడ్డల బస్తా.

“ఓపెన్ వైవా అని రూల్లో రాసి ఉంది,” అన్నారు విజయశ్రీ. “అందరూ రావచ్చు, ఎవరైనా అడగవచ్చు. ఇంతకన్నా ఓపెన్‌గా ఎక్కడ దొరుకుతుంది? సోమయాజులు గారూ, మీకు అభ్యంతరమా?”

ఆయన పొయ్యి మీది పప్పు వాసన ఒకసారి పీల్చారు. “కుర్చీ వేయించండి. పొయ్యికి దగ్గరగా.”

అలా మొదలైంది ఆ వైవా. తార్నాకలో దాని గురించి ఇప్పటికీ రకరకాలుగా చెప్పుకుంటారు. పదివేలమంది విన్నారని కొందరు, పోలీసులు కూడా నోట్సు రాసుకున్నారని కొందరు. అదంతా అబద్ధం. ఉన్నది మహా అయితే రెండు బంతుల జనం. కాని విన్నారు. విరహానికి గంధం పూస్తారని స్నిగ్ధ చెప్తుంటే, గరిటె పట్టుకున్న ఉప్పలమ్మ, అదే, రత్నాకర్ తల్లి, పక్కామె చెవిలో, “గంధమే? మా ఇంట్ల జ్వరమొస్తె మిరియాల కషాయం తాగిస్తం,” అంది. సోమయాజులు గారు నవ్వాపుకున్నారు.

ఆయన ఒక్కో చాప్టరూ తిరగేశారు. కష్టమైనవే అడిగారు. స్నిగ్ధ తడబడకుండా చెప్పింది. ఐదో చాప్టరు దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీశారు.

“అమ్మా, మిగతా చాప్టర్లన్నిటికీ వెనక ఎవరి పుస్తకమో ఉంది. దీనికి లేదు. చెలికత్తె తిన్నదా అన్న ప్రశ్న నీకు తట్టిందేనా?”

అవునంటే అయిపోతుంది. సంతకం, కాగితం, సోమవారం ఇంటర్వ్యూ. కాదంటే, ఒక్క వాక్యానికి గోదావరి దాటించిన మనిషి ఆయన. కొండలరావు గారు కారు పక్కన నిలబడి, అవునను తల్లీ అన్నట్టు తల ఆడిస్తున్నారు.

“కాదండీ,” అంది స్నిగ్ధ.

“ఎవరిది?”

“ఆ మైకు దగ్గర ఉన్నారు కదండీ, ఆయనది. సెమినార్‌లో అడిగారు. అప్పుడు క్యాంటీనుకి పొమ్మన్నాను.”

“కృతజ్ఞతల్లో ఆయన పేరు లేదే. పిల్లి పేరుంది.”

“రాయలేదండీ.”

“ఎందుచేత?”

“రాస్తే ఆయన చదువుతారని.”

బంతులు రెండూ గొల్లుమన్నాయి. సోమయాజులు గారు నవ్వలేదు. “తప్పమ్మా. ఎత్తుకున్న పద్యానికి పేరు చెప్తాం, ఎత్తుకున్న ప్రశ్నకి చెప్పొద్దా? ఆ పేజీ మార్చి తీసుకురా. అప్పటిదాకా నా సంతకం లేదు.”

“ఇప్పుడే రాస్తానండీ. ఇంకొకటి కూడా ఉంది.” అంది స్నిగ్ధ. “ఆ చాప్టరు సగమే. కావ్యాల్లో చెలికత్తెకి అన్నం వెతికాను. నా పక్క బల్ల మీది డబ్బా చూడలేదు. కృతజ్ఞతల్లో మొదటి పేరు రజినిది ఉండాలి.” ఆమె బంతి వైపు తిరిగింది. “నువ్వు తినవే. ఇవాళ ఎవరు పిలిచినా లేవకు.”

రజిని కళ్ళు తుడుచుకుని, ముద్ద ఎత్తింది.

స్నిగ్ధ పెన్ను తీసి, కారు బానెట్ మీద కాగితం పెట్టి, రెండు పేర్లూ రాసిచ్చింది. సోమయాజులు గారు చదివి, కళ్ళజోడు పెట్టుకుని మరోసారి చదివి, రిపోర్టు మీద సంతకం చేశారు. విజయశ్రీ మేడమూ చేశారు. “పద్ధతి ప్రకారం ఇంకొకటి మిగిలింది,” అన్నారాయన. “సభలో ఎవరికైనా ప్రశ్నలున్నాయా?”

తూర్పు నుంచి మబ్బు వచ్చింది. సన్నగా తుంపర మొదలైంది. కావ్యాల్లో విరహానికి పన్నీరు చల్లేది చెలికత్తె. ఇక్కడ ఆవిడ తింటోంది గనక ఆ పని ఆకాశం అందుకుంది.

రత్నాకర్ చెయ్యెత్తాడు. మైకు వదిలేసి నాలుగడుగులు ముందుకొచ్చాడు. రామంతాపూర్‌ని లేపే ఆ గొంతు ఎక్కడికి పోయిందో ఏమో, పక్కవాడికి కూడా సరిగా వినబడలేదు.

“రజినీ, మేడంని అడుగు...”

రజిని తలెత్తలేదు. ఎడమ చెయ్యి మాత్రం ఊపింది. “నేను తింటున్న. నువ్వే అడుగు.”

అతను నిలబడిపోయాడు. ఇటు స్నిగ్ధ నిలబడిపోయింది. నడుమ ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో మొదటిసారి నడుమ ఎవరూ లేరు. ఎంత ఖాళీగా ఉందో ఆ జాగా, చలేసింది ఆమెకి.

“స్నిగ్ధ గారూ,” అన్నాడు రత్నాకర్.

“ఊఁ.”

“తిన్నరా?”

సెమినార్ హాల్లో అడిగిందే. ఆనాడు లేని జవాబు ఈనాడు ఆమె దగ్గర ఉంది.

“లేదు. పొద్దున్నించీ ఏమీ తినలేదు.”

“మరి రాండ్రి.”

“ఏమయ్యా,” అన్నారు కొండలరావు గారు వానలో తడుస్తూ, “ఆ రాండ్రిలో మేమూ ఉన్నామా? నాకు షుగరు. ఆకలికి ఆగలేను.”

“అయ్యో, రాన్నా, కూసో,” అని ఉప్పలమ్మ ఆయనకొక విస్తరి, సోమయాజులు గారికొక విస్తరి వేసింది. కొండలరావు గారు కూర్చున్నారు. కూర్చుని, నిలబడ్డ పిల్లాణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూశారు. రైల్వేలో ఉండగా సరుకు పెట్టెలు పాసు చేసేటప్పుడు చూసేవారే, ఆ చూపు. “అమ్మా,” అన్నారు ఉప్పలమ్మతో, “మీవాడికి కూడా మా అమ్మాయి పక్కనే వడ్డించండి. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే ఆ మధ్య పిల్ల ప్రశాంతంగా తింటుంది.”

ఉప్పలమ్మ కొడుకునీ, పట్టుచీర పిల్లనీ మార్చి మార్చి చూసి, రెండు విస్తళ్ళు అంచులు తగిలేలా పరిచింది. గరిటెడు పప్పు ఎక్కువ వేసింది.

స్నిగ్ధ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అలవాటు చొప్పున తల అటు తిరిగిపోయింది. “రజినీ, ఆయనకి చెప్పు, పప్పులో ఉప్పు...”

రజిని మూడోసారి పెరుగు వడ్డించుకుంటోంది. అసలు వినలేదు.

స్నిగ్ధ నాలుక్కరుచుకుని ఇటు తిరిగింది. “పప్పులో ఉప్పు తక్కువైంది.”

“మా అమ్మ చేసింది,” అన్నాడు రత్నాకర్, ఆమె ఒక్కదానికే వినబడేటట్టు. “జర మెల్లగ అనండ్రి.”